గాలపు దారానికి ఆశీలు చీటీలు

ఎండు నెత్తళ్ళు పొట్లం కట్టబోతూ ఆ కాగితం మీద నాలుగు మాటలు చదివాను. నాకు చదువు అబ్బింది అలాగే, పొట్లాల కాగితాల మీద. అది నిన్నటి పేపరు. మేము ఎండుచేపలు ఆరబెట్టి అమ్ముకునే ఇసుకదిబ్బను ఒక కోల్డ్ స్టోరేజీ కంపెనీకి ముప్పై మూడేళ్ళకు ఇస్తారట. ఎకరానికి ఏడాదికి రూపాయి. పదేళ్ళు ఏ పన్నూ లేదు. అభ్యంతరాలు చెప్పుకోవడానికి గడువు రేపు సాయంత్రమే.

“ఏటే పోతమ్మా, బేరమొచ్చినోళ్ళు నిలబడిపోనారు. పేపర్లో నీకు పెళ్ళిసంబంధమేటైనా ఏసారేటి?” అంది గంగాలమ్మ. నలభై ఏళ్ళుగా మా గంపలు పక్కపక్కనే.

“దిబ్బ పోతందే,” అని చదివి వినిపించాను.

“ఎకరం రూపాయికా! మన గంపకి ఆశీలని రోజూ ముప్పై రూపాయలు గుంజుకుంటన్నారు కదే!”

ఆ మాట నోట్లో ఉండగానే ఆశీలు వసూలు చేసేవాడు వచ్చి, డబ్బు తీసుకుని చెరొక చీటీ చింపి ఇచ్చాడు. దిబ్బ మీది గాలికి అగ్గిపుల్ల నిలవదు. గంగాలమ్మ చీటీని మెలిపెట్టి దానికి నిప్పంటించి, చుట్ట ముట్టించుకుని, మా వైపు ఆడవాళ్ళ అలవాటు ప్రకారం నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుంది. ఇక్కడి ఆడవాళ్ళందరి ఆశీలు చీటీలూ అలాగే బూడిదైపోయాయి.

నావి మాత్రం ఉన్నాయి. ఎవరు ఎప్పుడు వెళ్ళిపోతారోనని నాకెప్పుడూ గుబులే. పడవ వెళ్ళినా, ఎవరైనా బస్సెక్కినా, ఆ రోజు తేదీ నా దగ్గర ఉండాలి. ఏ రోజు చీటీ ఆ రోజే గాలపు దారానికి గుచ్చేదాన్ని. ఏడాదికొక దండ.

మర్నాడు దండలన్నీ గంపకెత్తుకుని, గంగాలమ్మను వెంటబెట్టుకుని మున్సిపాలిటీ ఆఫీసుకు వెళ్ళాను. గుమస్తా దేవీప్రసాద్ గోదావరి వైపు మనిషి, మర్యాదస్తుడే.

“మామ్మగారూ, రికార్డులో అది ఖాళీ స్థలం. ఎవరూ వాడట్లేదు. మీరెప్పుడైనా పన్ను కట్టారా?”

“రోజూ కట్టినాం బాబూ,” అని గంప బల్ల మీద దించాను.

“కంపుకొడతాది గానీ లెక్క సక్కగుంటాది, సూడు,” అంది గంగాలమ్మ.

అతను ముక్కు మూసుకుని ఒక దండ తిప్పాడు. ప్రతి చీటీ మీదా తేదీ, ‘ఎండుచేపల దిబ్బ’ అన్న పేరు, ఆ ఆఫీసు ముద్రే. ముక్కు మీది చెయ్యి తీసేశాడు.

“ముప్పై ఏళ్ళ వాడకం చూపిస్తే విచారణ పెట్టక తప్పదు. అన్నిటికన్నా పాతదేది?”

అది నాకు వెతకక్కర్లేదు. 1994 నవంబరు పదకొండు. ఆ పొద్దున మా ఆయన నా గంపకు ఆశీలు తనే కట్టి, “సీటీ జాగర్త, మళ్ళీ అడుగుతారు,” అని నా చేతిలో పెట్టి పడవ తోసుకుని వెళ్ళాడు. ఆ పడవ తిరిగి రాలేదు. చీటీలు దాచడం ఆ రోజే మొదలైంది.

“జెరాక్స్ సాలదా బాబూ?”

“అసలుదే ఫైల్లో ఉండాలి మామ్మగారూ.”

నా వేళ్ళు దండను వదల్లేదు. గంగాలమ్మ గొంతు తగ్గించి, “ఒద్దులేయే. ఇంకేటైనా సూద్దుం,” అంది.

ఇంకేమీ లేదని ఇద్దరికీ తెలుసు. పంటితో ముడి విప్పి ఆ చీటీ తీసి, దండలన్నిటితో పాటు అతని ముందు పెట్టాను.

“జాగర్తన్నాడని ముప్పై ఏళ్ళు నాను దాసినాను. ఇక నువ్వు దాసు. అందినట్టు రాసియ్యి. అది సేతికొచ్చేదాకా నాను కదల్ను.”

ఆఫీసరు భోజనానికి వెళ్ళాడన్నారు. తర్వాత మీటింగన్నారు. తలుపు పక్కనే నేల మీద కూర్చున్నాం. నాలుగు దాటాక రసీదు వచ్చింది. చదివాను. ‘కొన్ని చీటీలు’ అని ఉంది. తిరిగి ఇచ్చేశాను. ‘అసలు చీటీలు, ముప్పై ఒక్క దండలు, మొదటిది 1994 నవంబరు 11’ అని రాయించి, విచారణ తేదీ వేయించి, ముద్ర పడ్డాకే లేచాను.

మర్నాడు దిబ్బ మీద కొత్త దారానికి ముందుగా ఆ రసీదు గుచ్చాను. ఆశీలు చీటీ తీసుకున్న గంగాలమ్మ దాన్ని ఒళ్ళో పెట్టుకుని, పుల్ల మీద పుల్ల గీస్తూ గాలిని తిట్టుకుంటోంది.

“సీటీ ఉంది కదే, ముట్టించుకో,” అన్నాను.

“ఏడు పుల్లలు పోనాయి. పోనీ!” అంటూ చీటీని నా దారానికి తనే గుచ్చింది. “విచారణనాడు ఆ కంపెనీవోడినే ఓ అగ్గిపెట్టె అడుగుతాను.”