యర్రమ్మ తిట్టడం మానేసింది

యర్రమ్మ చేత తిట్లు తినని మనిషి అండమాన్‌లోని మా మాయాబందర్ జెట్టీ మీద లేడు. అక్కడ ఎండుచేపల కొట్టు ఆవిడది. ఆ రోజు తడి మెట్ల మీద జారి తల కొట్టుకుందని ఫోనొస్తే డ్యూటీ నర్సుగా నేను అంబులెన్సులో వెళ్లాను. నెత్తురోడుతూనే, చుట్టూ చేరినవాళ్లని దులిపేస్తోంది. నాకు ప్రాణం లేచొచ్చింది. అంతలా అరుస్తోందంటే ఊపిరికి ఢోకా లేదు.

కట్టు కడుతూ అడగాల్సినవి అడిగాను. "నీ పేరేంటమ్మా? ఇది ఏ ఊరు? ఈ రోజు ఏ వారం?"

"నా పేరు నీకు తెల్దేటే? నీ బారసాలకి పులిహోర కలిపింది నానే! మాయాబందర్. లచ్చివారం. ఇంకేటి కావాలి, నా మొగుడి పేరా?"

స్ట్రెచర్ ఎక్కించాం. ఆవిడ కొడుకు భూషణం పక్కన కూర్చున్నాడు. పెద్ద కాంట్రాక్టరు. ఆయన మాటకు ఎదురు చెప్పడం మా తెలుగువాళ్లలో ఎవరికీ అలవాటు లేదు.

తల దెబ్బకి ఒక్కసారి అడిగితే చాలదు. మనిషి మారుతోందేమో చూస్తూనే ఉండాలి. సగం దారిలో మళ్లీ అవే అడిగాను.

"యర్రమ్మ. మాయాబందర్. లచ్చివారం తల్లీ," అంది మెల్లగా. "పాపం, నీకెంత శ్రమో."

జవాబులన్నీ సరిగ్గానే ఉన్నాయి. మనిషే సరిగ్గా లేదు. టార్చి వేసి చూస్తే కంటిపాపలు సమానంగానే ఉన్నాయి, నాడీ బాగానే ఉంది. అయినా ఆసుపత్రికి ఫోన్ చేశాను. లోపల రక్తం కారుతోందేమోనని అనుమానంగా ఉంది, పోర్ట్‌బ్లెయిర్ పంపడానికి హెలికాప్టర్ అడగమన్నాను.

భూషణం ఇంతెత్తున లేచాడు. "హెలికాప్టరేటి బిందూ? అమ్మ ఇప్పుడే నెమ్మదించింది, తొంగోనీ. డ్రైవర్ భయ్యా, గాడీ ఘర్ లే చలో!"

"నహీ భయ్యా, సీధా అస్పతాల్!" ఇంటికి కాదు, నేరుగా ఆసుపత్రికేనని నేనూ అరిచాను.

"కంప్లైంట్ పెడితే నీ ఉద్యోగం ఉంటాదేటి?"

"పెట్టండి అన్నయ్యా, ఇప్పుడే పెట్టండి. బండి మాత్రం తిరగదు." భయమేసింది, నిజమే. ఇంట్లో నా జీతమే ఆధారం. కానీ అంతకంటే యర్రమ్మ మర్యాద నన్ను ఎక్కువ భయపెట్టింది. "ఈవిడ మీ అమ్మలాగే ఉందా? ఆవిడకి ఒళ్లు మండే మాట మీరే ఒకటి అని చూడండి."

నన్ను కొరకొరా చూసి, తల్లి మీదికి వంగాడు. "అమ్మా, రేపట్నించి కొట్టు మంజుకి అప్పజెప్పెత్తన్నాను."

మంజు ఆయన భార్య. ఆ గల్లాపెట్టె కోసం అత్తాకోడళ్లకి ఏళ్ల తరబడి యుద్ధం.

యర్రమ్మ కళ్లు తెరవకుండానే నవ్వింది. "అలాగే నాయనా. బంగారంలాంటి పిల్ల. ఇచ్చెయ్."

భూషణం వేగంగా పోనివ్వమని డ్రైవర్ వెనకాల అద్దాన్ని రెండు చేతులతో బాదాడు. "తేజ్ చలావో భయ్యా! ఔర్ తేజ్!"

తర్వాత తల్లి చెయ్యి పట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. "ఇవ్వనే అమ్మా. కొట్టు ఎవరికీ ఇవ్వను. నువ్వే కూకోవాల."