దాటేసిన పావుగంట

ఆ పొద్దున ఆకాశం ఎటూ తేల్చుకోలేదు. మబ్బు పట్టింది గానీ చినుకు రాలలేదు. తెల్లారింది గానీ వెలుతురు రాలేదు. పది దాటినా దారాలు కత్తిరించే హాల్లో లైట్లు ఆర్పలేదు.

ఆ హాల్లో ఇరవై రెండుమంది ఆడవాళ్లు పని చేస్తారు. పై అంతస్తులో మిషన్లమీద కుట్టిన చొక్కాలు మూటలుగా కిందికి దిగుతాయి. కాలరు దగ్గరా, గుండీల వెనకా, చంకల్లోనూ వేలాడే దారపు కొసల్ని చిన్న కత్తెరతో తుంచి, దులిపి, మడిచి పేర్చాలి. మనిషికి రోజుకి రెండువందల చొక్కాలు. బల్లలు లేవు, కుర్చీలు లేవు. నేలమీద గోనె పరుచుకుని కూర్చోవడమే. మధ్యాహ్నమయ్యేసరికి నడుము తమది కాదేమో అనిపిస్తుంది.

ఆ రోజు లారీ నాలుక్కే వస్తుందని చెప్పారు. రోజూ ఆరింటికి వచ్చే లారీ. అంటే రెండు గంటలు ఎక్కడో అక్కడ మిగుల్చుకోవాలి. నీళ్లు తాగడానికి ఎవరూ లేవడం లేదు.

"బొమ్మక్కా, ఇంక మొదలుపెట్టవే తల్లీ. చెవులు ఖాళీగా ఉంటే చేతులు సాగట్లేదు," అంది లొడలొడ. ఆ పిల్ల నోరు మూతపడ్డం ఎవరూ చూడలేదు గనక ఆ పేరు.

బొమ్మక్కకి యాభై దగ్గరపడ్డాయి. వెనకా ముందూ ఎవరూ లేరు. ఆదివారం వస్తే సినిమాకి వెళ్తుంది. సోమవారం ఆ కథ హాలంతటికీ చెబుతుంది. మిగతావాళ్లలో కొందరికి సినిమా చూసే తీరిక లేదు, తీరికున్నవాళ్లని ఇంట్లో వెళ్లనివ్వరు. అందుకని ఎప్పుడో ఒక ఒప్పందం కుదిరింది. బొమ్మ చెప్పే రోజున ఆమె చొక్కాల్ని మిగతావాళ్లు తలా పదీ తమ కుప్పల్లో కలుపుకుంటారు. ఆమె కత్తెర కింద పెట్టేస్తుంది. కథ చెప్పాలంటే ఆమెకి రెండు చేతులూ కావాలి మరి. సాయంత్రానికి కుప్ప సరిపోతోంది కాబట్టి, రెండు అంతస్తులూ చూసుకునే సూపర్‌వైజరు ఎరగనట్టే ఉంటాడు. ఎవరితో మాట్లాడినా గోడ గడియారం వంకే చూస్తాడని ఆయనకి గడియారం అని పేరు పెట్టుకున్నారు.

"నిన్నటిది ఫైటింగు బొమ్మ. చెప్పనా?" అంది బొమ్మక్క.

"అది వద్దక్కా. టెలిఫోను అమ్మాయి బొమ్మ చెప్పు. ఆఖర్న అందరూ వచ్చి ఏడుస్తారు చూడు, అది," అంది గుండీల పిల్ల.

అందరూ తలలెత్తి చూశారు. ఈ హాల్లోకి వచ్చిన నెలరోజుల్లో ఆ పిల్ల గొంతులో హుషారు వినపడడం ఇదే మొదలు.

గుండీల పిల్లకి ముప్పై ఇంకా నిండలేదు. మొన్నటిదాకా పై అంతస్తులో గుండీల మిషను మీద ఉండేది. ఒక మూటలో ఆరువందల చొక్కాలకి తెల్లదారం బదులు గోధుమరంగు దారంతో గుండీలు పడ్డాయి. ఆ దారపు కండె చేతికిచ్చింది గడియారమే. "ఇదేనా సార్?" అని అడిగితే "నువ్వు కుట్టు, ప్రశ్నలెందుకు?" అన్నది కూడా ఆయనే. సరుకు వెనక్కి వచ్చింది. అక్కడి రివాజు ప్రకారం ఆ పిల్లని గోడకి ఆనించి ఫొటో తీసి, 'ఈమె వల్ల నష్టం' అని కింద రాసి, గేటు పక్క బోర్డుకి తగిలించారు. ఆమెని కింది హాల్లోకి దించారు. పొద్దున ఆ బోర్డు ముందునుంచే లోపలికి రావాలి, సాయంత్రం ఆ బోర్డు ముందునుంచే బయటికి పోవాలి. మొగుడు అదే కంపెనీలో లారీ తోలుతాడు. "నాతో కలిసి గేటు దాటకు" అన్నాడట. అంతకంటే ఏమీ అనలేదట. అప్పట్నుంచీ ఇంట్లోనూ ఏమీ అనడం మానేశాడు.

మూడు వారాలు ఆ పిల్ల తిన్నది లేదు. రాత్రిళ్లు నిద్ర లేదని కళ్లు చెబుతూనే ఉన్నాయి. ఒకసారి చొక్కా మడుస్తూ, "నేనుంటే అందరికీ బరువే," అంది. లొడలొడ వెంటనే అందుకుంది. "బరువా? నలభై కేజీలు లేవు, నువ్వేం బరువే? గాలికి ఎగిరిపోకుండా జేబులో రాయి వేసుకో!" హాలంతా నవ్వింది. బొమ్మక్క కూడా నవ్వింది.

ఆ రోజు మాత్రం పిల్ల వేరేగా ఉంది. తల నున్నగా దువ్వుకుంది. మొహంలో ముడత లేదు. రాగానే తను కూర్చునే మెత్తని దిండు తెచ్చి, హాల్లో అందరికంటే వయసు మళ్లిన పెద్దమ్మ మోకాళ్ల దగ్గర పెట్టింది. పీలికలు కూరి తనే కుట్టుకున్న దిండు అది. "నాకెందుకే?" అంటే "నాకింక అవసరం లేదు పెద్దమ్మా," అంది. తన గొడుగు లొడలొడకిచ్చింది. పోయిన చలికాలం బొమ్మక్క దగ్గర తీసుకున్న శాలువా ఉతికి, మడతపెట్టి తెచ్చింది. ఆరేళ్ల కూతుర్ని నిన్ననే అక్క ఇంట్లో దింపి వచ్చానని చెప్పింది.

"హమ్మయ్య, పిల్ల తేరుకుంది," అంది పెద్దమ్మ, దిండుమీద సర్దుకుంటూ. నిజమే అనుకున్నారు అందరూ.

"సరే, అదే చెబుతా," అంది బొమ్మక్క.

టెలిఫోను అమ్మాయి బొమ్మ ఆమె ఇప్పటికి నాలుగుసార్లు చెప్పింది. అందులో ఆఖరి రెండుసార్లూ అడిగింది ఈ పిల్లే. ఒక ఆఫీసులో ఫోన్లు కలిపే అమ్మాయి. పైవాడి తప్పు ఆమె నెత్తిమీద పడుతుంది. ఆఖరికి ప్రాణం తీసుకుంటుంది. బొమ్మక్క ఆ చావు చెబితే హాల్లో ముక్కులు చీదని వాళ్లుండరు. వీధి వీధంతా ఆమె గుమ్మంలో నిలబడుతుంది. మొగుడు కాళ్ల దగ్గర పడి పొర్లుతాడు. పైవాడు తల వంచుకుని తప్పు నాదేనంటాడు. పువ్వుల కింద అమ్మాయి మొహం నిద్రపోతున్నట్టు ఉంటుంది.

కథ చెప్పుకుంటూ పన్నెండు దాటాక ఆ చావు దగ్గరికి వచ్చి బొమ్మక్క చేతులు ఎత్తింది. "ఆ వీధి మొత్తం..." అంది.

ఆగిపోయింది.

పెద్దమ్మ ఆ దిండుమీద కూర్చుని ఉంది. గొడుగు లొడలొడ పక్కన గోడకి ఆనించి ఉంది. శాలువా తన ఒళ్లోనే ఉంది. గుండీల పిల్ల మోకాళ్లు ముడుచుకుని, చిన్నపిల్ల పాటకోసం చూస్తున్నట్టు చూస్తోంది.

దీన్ని తనెక్కడో చూసింది. బయటెక్కడా కాదు, తెరమీద. ఇంటర్వెల్‌కి ముందు ఒక పావుగంట ఉంటుంది ఆ బొమ్మలో. పాటలేదు, గొడవలేదు, మాటలు కూడా పెద్దగా లేవు. చెబితే వీళ్లు ఆవలిస్తారని మొదటిసారే దాటేసింది. తర్వాత ప్రతిసారీ దాటేసింది. దాటీదాటీ అది ఉందన్న సంగతే మరిచిపోయింది.

"ఏమైందే? మధ్యలో కరెంటు పోయిందా?" అంది లొడలొడ.

"ఒక ముక్క మీకు చెప్పలేదు," అంది బొమ్మక్క. చేతులు ఒళ్లో పెట్టుకుంది. చేతులు ఆడించకుండా ఆమె కథ చెప్పడం అదే మొదలు. "ఇంటర్వెల్‌కి ముందుది. ఆ అమ్మాయి చానాళ్లు తినదు. నిద్రపోదు. నేను లేకపోతే మీకే హాయి కదా అంటుంది. పక్కసీటు వాళ్లు నవ్వుతారు. తర్వాత ఒకరోజు శుభ్రంగా తల దువ్వుకుని వస్తుంది. నవ్వు మొహంతో వస్తుంది. అమ్మయ్య, బాగుపడిందంటారు వాళ్లు. అప్పుడు తన చెవికమ్మలు పక్కనున్న పిల్లకిస్తుంది. బీరువా తాళం చెల్లెలికిస్తుంది. తీసుకున్నవన్నీ ఎవరివి వాళ్లకి..."

"ఇదేం బొమ్మే, ఏమీ జరగట్లేదు," అంది ఎవరో.

"జరుగుతోంది. నాకూ అప్పుడు కనపడలా."

కత్తెరల చప్పుడు ఒక్కొక్కటిగా తగ్గింది. పెద్దమ్మ దిండుమీంచి మెల్లిగా నేలమీదికి జరిగింది. లొడలొడ గొడుగు వంక చూసింది, నోరు తెరిచింది, మళ్లీ మూసుకుంది.

"ఆఖరు కూడా నేను చెప్పింది కాదు," అంది బొమ్మక్క. "వీధి రాదు. మొగుడు పొర్లడు. పైవాడు తల వంచడు. అవన్నీ నేను కల్పించా, మీరు ఏడుస్తారని. నిజానికి ఆ బొమ్మలో మర్నాడు పొద్దున అదే కుర్చీలో ఇంకో అమ్మాయి కూర్చుని ఉంటుంది. ఫోను మోగుతుంది. హలో అంటుంది. అంతే. లైట్లు వేసేస్తారు."

ఆమె లేచి వెళ్లి గుండీల పిల్ల పక్కన, మోకాలికి మోకాలు తగిలేంత దగ్గరగా కూర్చుంది. ఏం మాట వాడాలో ఒక్క క్షణం వెతుక్కుంది. మెత్తటి మాటలు చాలానే ఉన్నాయి. వాటిని పక్కన పెట్టింది.

"చచ్చిపోదామనుకుంటున్నావా?"

గుండీల పిల్ల చేతిలో చొక్కా ఉంది. దాని కాలరు సరిచేసింది. మళ్లీ సరిచేసింది.

"అవునక్కా," అంది. దుకాణంలో ఉప్పుందా అంటే ఉందన్నట్టు అంది.

"ఎప్పుడు?"

"ఇవాళ. పనయ్యాక."

బొమ్మక్క ఆమె మణికట్టు పట్టుకుంది. చల్లగా ఉంది.

"ఏడుపు కూడా రావట్లేదక్కా. ముందు వచ్చేది. అందరూ వస్తారు కదా, అప్పుడైనా తెలుస్తుంది కదా అనుకున్నా. ఆయనకీ, సారుకీ."

"రారే. అది నా నోటి పాపం. నిన్ను తిట్టట్లేదు. అడగకుండా నవ్వినందుకు నన్ను నేనే తిట్టుకుంటున్నా. నీకిది జబ్బు లాంటిదే, జ్వరం వచ్చినట్టే. చూసే డాక్టర్లున్నారు, ఆస్పత్రికి పోదాం. అంతవరకూ నిన్ను ఒక్కదాన్నే వదలం. సరేనా?"

పిల్ల ఆ చేతిని వెనక్కి లాక్కోలేదు.

కత్తెరల చప్పుడు ఆగిపోతే హాలు హాలులా ఉండదు. గడియారం పరుగున వచ్చాడు. వస్తూనే గోడవంక చూశాడు.

"పన్నెండున్నర! అన్నాల బెల్లు కాకుండా ఏమిటిది? లారీకి ఇప్పటికే తొమ్మిదివందలు వెనకబడి ఉన్నాం తెలుసా?"

పెద్దమ్మే జరిగిన సంగతి చెప్పింది. ఆయన గుండీల పిల్లని చూసి, మళ్లీ గోడవంక చూశాడు. మొహంలో భయమో విసుగో కదిలింది, నిలవలేదు.

"ఒంట్లో బాగాలేకపోతే ఇంటికి పంపించండి. గేటు పాసు రాసిస్తా. ఇక్కడ జరక్కూడదు ఇలాంటివి. మీరు కూర్చోండి."

"ఒక్కదాన్నే పంపం సార్," అంది బొమ్మక్క.

"పంపం ఏమిటి?"

"పంపం. వాళ్లక్కకి ఫోన్ చేస్తాం. ఆమె వచ్చాక నలుగురం కలిసి ఆస్పత్రికి తీసుకెళ్తాం. అందాకా మేమెవరం కత్తెర పట్టం."

ఆ మాట తన నోటినుంచే వచ్చిందా అన్నట్టు బొమ్మక్క ఒకసారి చుట్టూ చూసింది. ఇరవైమందీ చేతులు ఒళ్లో పెట్టుకుని ఉన్నారు.

"అందరి ఫొటోలూ బోర్డెక్కుతాయి. తర్వాత నన్ననొద్దు!"

"ఎక్కించండి సార్," అంది లొడలొడ. "తల దువ్వుకునేదాకా ఆగండి, అంతే."

"నాకింతవరకూ ఒక్క ఫొటో కూడా లేదు బాబూ," అంది పెద్దమ్మ. వేళాకోళానికి అనలేదు. ఉన్నమాటే చెప్పింది.

గడియారం పైవాళ్లకి చెబుతానని మెట్లెక్కి వెళ్లాడు. ఏం చెబుతాడో, ఎవరు దిగివస్తారో తెలీదు. లొడలొడ ఆ పిల్ల ఫోన్‌లోంచే అక్క నంబరు నొక్కింది. "గంటలో వస్తుందట," అని చెప్పింది.

బెల్లు ఇంకా కొట్టలేదు. పెద్దమ్మ తన గిన్నె మూత తీసింది. అది చూసి మిగతావాళ్లూ తీశారు. గోనెల్ని దగ్గరికి లాక్కుని చుట్టూ కూర్చున్నారు, గుండీల పిల్ల మధ్యలో ఉండేట్టు. ఆమె ఆ రోజు గిన్నె తెచ్చుకోలేదని అప్పుడు తెలిసింది. ఒకరి మూత ఆమె ముందుకి వచ్చింది. అందులో ఒకరు ముద్ద అన్నం పెట్టారు. ఇంకొకరు కూర వేశారు. ఇంకొకరు, ఇంకొకరు. మూతలో అన్నం కుప్పయింది.

అందరూ తలలు వంచుకుని తింటున్నారు. పైన మిషన్లు ఆడుతున్న చప్పుడు కప్పులోంచి దిగుతోంది. పిల్ల చాలాసేపు అన్నం వంక చూసింది. తర్వాత కుడిచేత్తో కొంచెం కలిపింది. ఎడమచెయ్యి బొమ్మక్క చేతిలోనే ఉంది. ముద్ద నోట్లో పెట్టుకుంది పిల్ల. రుచి తెలుస్తోందో లేదో మొహం చూస్తే తెలీదు. నమిలింది, నమిలింది, మింగడానికి చాలాసేపు పట్టింది. పెద్దమ్మ నీళ్ల గ్లాసు ఆమె దగ్గరికి జరిపింది.

మెట్లమీద అడుగుల చప్పుడు వినపడింది. ఎవరూ లేవలేదు.