వెనక సీటు బరువు

పికప్ అనే మాటకు తెలుగులో ఇంతవరకూ సరైన మాట కుదరలేదు, త్వరణం అంటే పాఠం చెబుతున్నట్టు ఉంటుంది, ఊపు అంటే ఊరేగింపు గుర్తొస్తుంది, కానీ లైబ్రరీ మలుపు దాటినప్పటి నుంచి ఈ బండి లాగుతున్న తీరు మాత్రం నిజం, మణికట్టు రవ్వంత తిప్పితే చాలు, మూడో గేరులోనే ముందుకు దూకుతోంది, ఇంజనీరింగ్ కాలేజీ దగ్గర బయలుదేరినప్పుడు ఇంత చురుకు లేదు, ఇంజను వేడెక్కితే నూనె పలచబడి రాపిడి తగ్గుతుంది, అదే కారణమై ఉండాలి, ఈ సంగతి గిరీష్‌కు ప్రత్యేకంగా చెప్పాలి, నా దగ్గర భౌతికశాస్త్రం చదువుకున్న గిరీష్ ఇప్పుడు ఒక మోటారు సైకిళ్ల కంపెనీలో కొత్త బండ్ల రూపాలు గీస్తున్నాడు, సాయంత్రం రైలుకు వెళ్లిపోతాడు, మీరు తార్నాక దాకా నడిపి చూసి ఒక్క మాట చెప్పండి సార్, మీరు సరేనంటే ఇదే రూపం ఖాయం చేయమంటాను అన్నాడు, రిటైరైన రీడరు మాటకు అంత విలువ ఎందుకో, అయినా ఏ మాటా ఊరికే చెప్పకూడదని, ఈ బండి ఇంకా కాగితం మీద ఉన్నప్పుడే క్యాంటీన్లోనూ హాస్టళ్ల ముందరా స్కూటర్ స్టాండు దగ్గరా కనిపించిన ప్రతివాణ్ణీ ఆపి అడిగాను, కొత్త బండి వస్తే అందులో ఏముండాలి బాబూ అని, కొద్దిమందిని అడిగి తేల్చిన ఫలితాన్ని నమ్మవద్దని పాఠాల్లో చెప్పినవాణ్ణి కనుక విసుగు లేకుండా అడిగాను, ముందు చక్రానికి డిస్క్ బ్రేకు అన్నారు, గుండ్రటి హెడ్‌లైటు అన్నారు, బటన్ నొక్కితే స్టార్టు కావాలి, అది మొరాయిస్తే కిక్కు కూడా ఉండాలి అన్నారు, మైలేజీ సంగతి అడగని వాడు లేడు, ఎం.టెక్. చదివే నవీన్ అయితే బెంచీ మీద నుంచి లేచి నిలబడి మరీ చెప్పాడు, సౌండ్ ఉండాలె సార్, బండి వస్తున్నదంటే లేడీస్ హాస్టల్ దాకా ఎరుక కావాలె, ఇంజన్ మొత్తం బయటికి కనపడాలె, ఆ ప్లాస్టిక్ తొడుగులు వద్దే వద్దు, వెనక చక్రానికి చీర చిక్కకుండ జాలీ పెడతరు చూడండి, గది పెడితే అంకుల్ బండి లెక్క అయితది అని, నేను మాత్రం అంకుల్‌ని కానా అంటే మీరు సార్ కదా సార్ అన్నాడు, అందరూ నవ్వారు, నేనూ నవ్వాను, అందుకే ఈ నమూనాకు జాలీ లేదు, వెనక పట్టుకునే కడ్డీ లేదు, నేనే చెప్పాను గిరీష్‌కు, ఎక్కువమంది అభిప్రాయం ఇది అని, చట్టానికి ఎంత కావాలో అంత జాలీ ముక్క తర్వాత తగిలిద్దాం లెండి సార్, కొన్నవాడు మర్నాడే ఊడదీస్తాడు అన్నాడు వాడు.

వెనక కూర్చున్న నా భార్య శ్యామలాంబ ఏమీ మాట్లాడటం లేదు, సాధారణంగా ఈ దారిలో రెండు మాటలైనా అనేది, ఈ చెట్లు ఎంత చల్లగా ఉన్నాయో అనో, అదిగో మెల్లగా అనో, ఇవాళ ఆర్ట్స్ కాలేజీ ముందు గతుకులో బండి ఎగిరినప్పుడు అబ్బా అన్నది, ఆ తర్వాత ఏమన్నది, ఏదో అన్నది, భయపడుతోందా, అద్దంలో చూద్దామంటే హ్యాండిల్ చివర అందం కోసం తగిలించిన ఈ చిన్న గుండ్రటి అద్దంలో నా మోచెయ్యి తప్ప ఏమీ కనిపించదు, ఎక్కేటప్పుడే ఆమె బండి చుట్టూ ఒకసారి తిరిగి దీనికి పైన ఏమీ కప్పరా అని అడిగింది, అదే దీని అందమమ్మా అని గిరీష్ చెబితే, అట్లనా అని ఊరుకుంది, ఇంక యాడ పట్టుకునేది అని నన్ను అడిగింది, అనంతపురం వదిలి పాతికేళ్లు దాటినా ఆ యాడ అనే మాట ఆమెను వదల్లేదు, సీటు అంచు పట్టుకో, రెండు కిలోమీటర్లు కూడా లేదు అన్నాను, మా స్కూటరు మీద ఆమె ఎప్పుడూ వెనక స్టెప్నీ టైరు అంచునే పట్టుకునేది, నా భుజం మీద చెయ్యి వేసిన గుర్తు లేదు, యూనివర్సిటీలో నలుగురూ చూస్తారని ఆమె సంకోచం, నాకూ అలాగే అలవాటు, ఈ సీటు వెనక్కి వాలి ఉంది, అడ్డంగా కూర్చున్న మనిషి రెండు కాళ్లకూ ఒకటే పెడలు, గురుత్వకేంద్రం ఒక పక్కకు ఉంటుంది, జారే ప్రమాదం ఎంత, ఘర్షణ గుణకం పట్టుచీరకూ రెక్సినుకూ మధ్య, ఛ, ఇవాళ కట్టుకున్నది నూలుచీరే, శ్యామలా బాగానే కూర్చున్నావా అని కొంచెం గట్టిగానే అడిగాను, జవాబు లేదు, ఈ శబ్దంలో వినపడలేదేమో, నవీన్ కోరిన శబ్దం పుష్కలంగా ఉంది, మళ్లీ అడిగాను, లేదు, అలిగిందేమో, అలగడానికి కారణం లేకపోలేదు, అలిగితే మాట్లాడదు, సరే, తార్నాక చౌరస్తాలో ఎర్రదీపం పడింది, ఇక్కడ ఆపి అడుగుతాను.

ఎడమ కాలు నేల మీద పెట్టి, సిగ్గుపడుతూనే ఎడమ చెయ్యి వెనక్కి చాచాను, మోకాలు తగులుతుందనుకున్నాను, సీటు తగిలింది, ఇంకా వెనక్కి చాచాను, సీటు చివర తగిలింది, వేడి రెక్సిను, అంతే, తల తిప్పి చూశాను, లాలాగూడ వెళ్లే బస్సు వెనక నుంచి హారన్ కొడుతోంది, పక్క ఆటోవాడు ఏమైంది సారూ, ఏమన్న పడ్డదా అంటున్నాడు, పడ్డదా, ఆ మాట వాడు పర్సు గురించో సంచీ గురించో అన్నాడు, పడితే కేక వినపడేది, ఈ శబ్దంలో వినపడదు, పడితే కుదుపు తెలిసేది, తెలిసిందా, తెలియలేదు, లేదు, తెలిసింది, లైబ్రరీ మలుపు దగ్గరి నుంచి బండి చురుగ్గా పోతోంది, ఇంజను వేడెక్కిందనుకున్నాను, నూనె పలచబడిందనుకున్నాను, బలం అదే ఉండి ద్రవ్యరాశి తగ్గితే త్వరణం పెరుగుతుంది, ఇంటర్మీడియెట్ పిల్లవాడు చెప్పగలడు, నేను మెచ్చుకున్న ఆ పికప్ అంతా శ్యామల వెనక లేకపోవడమే, గిరీష్‌కు ప్రత్యేకంగా చెబుదామనుకున్నది ఇదే.

బండి తిప్పాను, ఎదురుగా వచ్చే లారీ వాడు తిట్టాడు, తిట్టనీ, క్లచ్ వదిలితే ఇంజను ఆగిపోయింది, బటన్ నొక్కాను, మళ్లీ నొక్కాను, అంటుకుంది, జాలీ లేదు, కొంగు చక్రంలో చిక్కి ఉంటే, ఆమె కొంగు ఎప్పుడూ వేలాడుతూనే ఉంటుంది, కొంగు చుట్టుకుంటే మెడ, వద్దు, ఆ దిశలో ఆలోచించకూడదు, ఆధారం లేకుండా ఊహించకూడదు, ఎవరైనా పడి ఉంటే జనం పోగై ఉంటారు, జనం కనిపించాలి, లేదా ఈపాటికే ఆస్పత్రికి తీసుకెళ్లి ఉంటే జనం కనిపించరు, కనిపించినా భయమే కనిపించకపోయినా భయమే అయితే ఇంక అది పరీక్ష ఎలా అవుతుంది, ఎడమ పక్కన ఒక గుంపు, బ్రేకు వేశాను, కాదు, వాళ్లు బస్సు కోసం నిలబడ్డవాళ్లు, ఆమెకు ఏమీ కాకుండా ఉంటే, అని మనసులో ఒక వాక్యం మొదలైంది, ఉంటే ఏం చేస్తావు, ఎవరికి చెబుతున్నావు, ముడుపులూ మొక్కులూ ఫలించడం యాదృచ్ఛికమేనని జీవితమంతా వాదించావు, ఇప్పుడూ అదే నిజం, కానీ ఆ వాక్యం మాత్రం ఆగలేదు, ఉంటే, ఉంటే అని ఇంజనుతో పాటు కొట్టుకుంటూనే ఉంది, చివరికి దాన్ని అలాగే వదిలేశాను, దానికి రెండో సగం దొరకలేదు.

లైబ్రరీ మలుపులో జామకాయలమ్మే లచ్చవ్వ గంప పక్కన, గోడ నీడలో, శ్యామలాంబ కూర్చుని ఉంది, ఒళ్లో కొంగు పరుచుకుని దేన్నో తుడుస్తోంది, రక్తమా, కాదు, నల్లటి మరక, చెయిన్ నూనె, నేను బండి ఆపి స్టాండు వేయడం కూడా చేతకాక నిలబడిపోతే లచ్చవ్వే ముందు పలకరించింది, ఏంది సారూ, అమ్మను గీడనే ఇడిసిపెట్టి పోతివి, బండి గంత మంచిగున్నదా అని, నేను శ్యామలతో పడ్డావా అన్నాను, పడలేదు, దిగినాను అన్నది, దెబ్బ తగిలిందా అన్నాను, ఏం లేదు అంటూ కొంగు ఎత్తి చూపింది, అంచు రెండు చోట్ల చిరిగి ఉంది, ఇంజనీరింగ్ కాలేజీ మలుపులోనే చెయిన్ ఒకసారి లాగింది, ఆర్ట్స్ కాలేజీ గతుకులో మళ్లీ లాగింది, ఇంతలో పరీక్షలు వాయిదా వేయాలని పిల్లలు ఊరేగింపుగా రోడ్డుకు అడ్డం వచ్చినారు కాబట్టి సరిపోయింది, మీరు బండి నిలిపితిరి, నేను కొంగు పీక్కొని దిగితిని అన్నది, చెప్పకుండా దిగితే ఎలా శ్యామలా అన్నాను, నా గొంతులో కోపం నాకే విచిత్రంగా వినిపించింది, ఆమె నా ముఖంలోకి చూసి, చెప్పకుండా ఎందుకు దిగుతాను, దిగుతా ఉండా, నేను నడిచి వస్తా మీరు పొండి అని చెప్తిని, ఊ అంటిరి, ఇంకోసారి చెప్తిని, మళ్లీ ఊ అంటిరి, పోతిరి అన్నది, లచ్చవ్వ నిజమే సారూ, నేను కూడ ఇన్న అన్నది.

అవును, ఆ ఊరేగింపు గుర్తుంది, నినాదం కూడా గుర్తుంది, ఊ అన్నది గుర్తు లేదు, ఈ బండి శబ్దం చాలా ఎక్కువ శ్యామలా, ఒట్టి శబ్దం, నీ మాట వినపడలేదు, గిరీష్‌కు చెబుతాను, జాలీ తప్పనిసరి, పట్టుకునే కడ్డీ తప్పనిసరి, రెండు కాళ్లూ ఆనే పెడలు కావాలి, సైలెన్సరు మార్చమంటాను, నేను అడిగినవాళ్లంతా హ్యాండిలు పట్టుకునేవాళ్లే, వెనక కూర్చునేవాళ్లను ఒక్కరినీ అడగలేదు, అందరూ ఒకే పక్క నుంచి వచ్చాక ఎంతమందిని అడిగినా ఆ లెక్క చెల్లదు, నా తప్పు అక్కడుంది, ఇవాళే సరిచేస్తాను అని గబగబా చెప్పుకుపోయాను, ఆమె అంతా విని, కడ్డీ పెట్టించండి, మంచిదే, అయినా అప్పుడు బండి నిలిచే ఉంది కదా అన్నది, నిలిచి ఉన్నా ఇంజను ఆడుతూనే ఉంది కదా అన్నాను, వాదన ఎందుకు, పరీక్షించి చూడవచ్చు, బండెక్కి ఇంజను స్టార్టు చేశాను, గేరు వేయకుండా, ఆక్సిలరేటరు ముట్టుకోకుండా, ఊరేగింపు ముందు ఎలా ఆగానో అలాగే, ఊరేగింపు వెళ్లిపోయింది కానీ ఇప్పుడు దాని బదులు వెనక రెండు బస్సులు హారన్లు కొట్టుకుంటున్నాయి, నువ్వు అక్కడే, సీటు వెనక నిలబడి, అప్పుడు చెప్పినంత గొంతుతోనే ఏదైనా చెప్పు అన్నాను, లచ్చవ్వ జామకాయ కోయడం ఆపి చూస్తోంది, శ్యామల చిరిగిన కొంగు నడుముకు దోపుకుని, ఇంట్లో పాలు లేవు, పోతా పోతా తీసుకోవల్ల అన్నది, ప్రతి అక్షరం వినిపించింది, ఇంకోసారి అన్నాను, ఇంట్లో పాలు లేవు అన్నది, విసుగుతో సహా వినిపించింది, ఇంజను నా కాళ్ల మధ్య మెత్తగా కొట్టుకుంటోంది, ఆ శబ్దంలో లోపమేమీ లేదు, కడ్డీ గిరీష్ పెడతాడు, జాలీ పెడతాడు, చెబితే అద్దం కూడా పెద్దది పెడతాడు, కానీ ఇందాక ఊరేగింపు ముందు నా వీపుకు జానెడు దూరం నుంచి ఆమె చెప్పిన మాట రెండుసార్లు నాకు వినిపించింది, రెండుసార్లూ ఊ అని జవాబిచ్చాను, ఏమన్నదో మాత్రం వినలేదు, ఇలా వినకపోవడం ఈ బండితో మొదలైంది కాదు, ఈ బండి తొడుగు లేకుండా బయటికి చూపించింది, అంతే.