రెండో వరుస సెంటర్

అమ్మదలచిన వస్తువు అమ్మకానికి ఉన్నట్టు కనబడకూడదని వెరా కొవాల్‌చుక్‌కి ఎవరూ నేర్పలేదు. పాత ట్రాక్టర్లూ కోతయంత్రాలూ కొని అమ్మే యార్డులో సగం జీవితం నిలబడితే ఆ విద్య దానంతటదే ఒంటబడుతుంది. కొనడానికొచ్చిన రైతు టైరుని బూటుకాలితో తన్ని చూస్తుంటే, ఆమె పక్క యంత్రానికి గ్రీజు పెడుతూ, "అదా? దాన్ని మా ఆయన పీట్ వాడుకుంటానన్నాడే, అడిగి చూడాలి" అనేది. రైతు కాలు వెనక్కి తీసుకుని జేబు తడుముకునేవాడు.

అంత తెలిసిన మనిషి మంచు హాకీ జట్టు దగ్గరికొచ్చేసరికి ఆ శనివారం పప్పులో కాలేసింది.

పోప్లర్ ఫ్లాట్ బ్యాడ్జర్స్ ఏ ఒక్కరి సొత్తూ కాదు. ఊరి జట్టు. పొలాలున్నవాళ్ళూ, కొట్లున్నవాళ్ళూ, ఏమీ లేనివాళ్ళూ అందరూ వాటాదారులే. బేరమాడడంలో ఆమెను మించినవాళ్ళు లేరని వెరాను మేనేజరుగా కూర్చోబెట్టారు. మూడు చలికాలాలుగా ఎవర్ని ఉంచాలో, ఎవర్ని మార్చుకోవాలో ఆమే చూస్తోంది. ఈ చలికాలం ఆమె మెడకు చుట్టుకున్నవాడు డార్సీ నోల్ట్, రెండో వరుస సెంటర్, అంటే ఆ వరుసకి నడిమి ఆటగాడు.

మొదటి వరుస గోల్స్ కొడుతుంది. గోడ మీద ఫొటోలు వాళ్ళవి. రెండో వరుస సెంటర్ పని ఫొటోలకందదు. అవతలి జట్టులో గట్టివాళ్ళు దిగినప్పుడల్లా వాళ్ళకి ఎదురుగా దిగాలి. రిఫరీ పక్‌ని, ఆ రబ్బరు బిళ్ళని, మంచు మీద పడేసిన రెప్పపాటులో కర్ర దూర్చి దాన్ని తనవాళ్ళ వైపు లాగాలి. అది పదిసార్లు గెలిచినా చప్పట్లుండవు, ఒక్కసారి ఓడితే గోల్ పడుతుంది. యార్డు లెక్కలో చెప్పాలంటే డార్సీ ఇంజను కాదు, బెల్టు. తెగినప్పుడే దాని విలువ తెలిసేది.

డార్సీ ఒప్పందం ఈ చలికాలంతో ముగుస్తుంది. అతను మూడేళ్ళు అడిగాడు. వెరా ఒక్క ఏడాది అంది. ముప్పై దాటిన మోకాళ్ళకు మూడేళ్ళ పూచీ ఎవరిస్తారు? అలాగని ఒప్పందం కుదరకుండా వదిలేస్తే, మంచు కరగ్గానే అతను నచ్చిన జట్టుకి వెళ్ళిపోతాడు, పోప్లర్ ఫ్లాట్‌కి చిప్ప మిగుల్తుంది. ఇప్పుడే మార్చుకుంటే బదులుగా ఎవరో ఒకరు వస్తారు. వెనక కాచేవాళ్ళు లేక జట్టు జల్లెడలా ఉంది. ఆటగాళ్ళను మార్చుకునే గడువు ఆదివారం మధ్యాహ్నంతో సరి.

శుక్రవారం సాయంత్రం వెల్డన్ జట్టు మేనేజరు లైల్ పెట్రీ ఫోన్ చేశాడు. "డార్సీని ఇవ్వు, బ్రోడీ ఎంగ్‌ని తీసుకో" అన్నాడు. ఎంగ్ ఇరవై రెండేళ్ళవాడు, వెనక గోడలా నిలబడతాడు. "ఆదివారం పొద్దున మా వాళ్ళంతా కూర్చుని సంతకాలు చేస్తారు" అన్నాడు లైల్. వెరా నిమ్మకు నీరెత్తినట్టు "చూద్దాంలే" అని ఫోను పెట్టేసి, వంటింట్లో చేతులు రుద్దుకుంది.

ఆ రుద్దుకోవడమే కొంప ముంచింది. యార్డులో ఏ యంత్రానికైనా మాట కుదిరిందంటే, డబ్బు చేతికొచ్చేదాకా దాన్ని ముందు వరుసలోంచి తీసి వెనక షెడ్డులో పెట్టించడం ఆమె అలవాటు. ఎవడో నడిపి చూస్తానని ఎక్కి గేటుకి గుద్దితే బేరం గంగపాలవుతుంది. శనివారం మధ్యాహ్నం ఆట ఉంది. ఒక్క కర్ర దెబ్బ, ఒక్క మోకాలు చాలు, ఎంగ్ రాడు.

ఆటకు ముందు కోచ్ మెర్విన్ గదికెళ్ళి చెప్పేసింది. "డార్సీ ఇవాళ ఆడడు."

మెర్విన్ డెబ్బై దాటినవాడు. కళ్ళజోడు పైకి తోసి చూశాడు. "దెబ్బ తగిలిందా?"

"లేదు."

"జ్వరమా?"

"లేదు."

"అయితే అమ్మేశావన్నమాట."

"ఇంకా లేదు."

"ఇంకా లేకపోతే కూర్చోబెట్టడం ఎందుకమ్మా? కోటూ టై వేసుకుని మెట్లెక్కి పైన కూర్చునే ఆటగాణ్ణి చూస్తే ఈ ఊళ్ళో పాలుతాగే పిల్లలకి కూడా అర్థమైపోతుంది. వాడి మూటాముల్లె సర్దేశారని."

"కడుపులో బాగోలేదని చెప్పు."

"గంట క్రితం తిండి కౌంటర్లో మిల్లీ దగ్గర రెండు ప్లేట్ల పెరోగీ కుడుములు లాగించాడు. ఉల్లిపాయలు ఇంకొంచెం వెయ్యమని అరిచాడు కూడా. స్కేటింగ్ రింకంతా విన్నారు."

"నే చెప్పింది చెయ్యి మెర్విన్. పోగొట్టుకుంటే జవాబు చెప్పుకోవాల్సింది నేను."

"సరే తల్లీ. మేనేజరువి నువ్వు. బుద్ధి మాత్రం యార్డులో వదిలేసి వచ్చావు" అని అతను పేర్ల జాబితాలోంచి డార్సీని కొట్టేసి రిఫరీకి పంపించాడు.

డార్సీ అప్పటికే ఒక స్కేటు బిగించుకున్నాడు. వెరా చెప్పింది విని, "సరే మేడమ్" అన్నాడు. ఎందుకని అడగలేదు. తాడు విప్పుకుంటూ ఉండిపోయాడు. అడిగుంటే వెరా ఏదో ఒకటి అల్లి చెప్పేది. అడగకపోవడంతో నోట్లో తయారుగా ఉన్న అబద్ధం అక్కడే ఆరిపోయింది.

అతను ముదురు నీలం కోటు వేసుకుని మెట్లెక్కుతుంటే, మొదట గోల్‌కీపరు వెనకున్నవాళ్ళు మాటలాపారు. తరవాత ఆ మౌనం మెట్టు మెట్టూ పాకింది. అతను కూర్చున్నాడో లేదో, మిల్లీ కౌంటరు వదిలేసి వచ్చి, పిండి చేతులతోనే కావిలించుకుంది.

"నా తండ్రే! ఒక్క మాటైనా చెప్పకుండా పోతున్నావా?"

"ఎక్కడికీ పోవట్లేదు మిల్లీ."

"ఊరుకో నాయనా, నా దగ్గర దాపరికమా? ఇదిగో కాఫీ. డబ్బులిచ్చావంటే మొహాన కొడతా."

తరవాత ధాన్యం గోదాములో పనిచేసి మానేసిన ముసలి అలెక్ వచ్చి చెయ్యి ఊపాడు. "వెల్డన్‌కేనటగా? అక్కడ మంచు గట్టిదట్రా. స్కేట్లు కాస్త పదునుగా పెట్టించుకో." ఇంకొకాయన రెండు వరుసలు దాటొచ్చి, "ఇల్లు అమ్ముతున్నారా? మా అల్లుడు చూస్తున్నాడు. బయటివాళ్ళకి చెప్పకముందే మాకో మాట చెప్పు" అన్నాడు. డార్సీ అందరికీ తల ఊపాడు. ఏమంటాడు? కాదంటే అబద్ధమాడుతున్నాడనుకుంటారు, ఔనందామంటే అతనికే తెలీదు.

కింద ఆట మొదలైంది. అతని చోట దిగిన కుర్రాడు మొదటి పక్‌ని ఓడాడు. రెండోదీ ఓడాడు. మూడోది అవతలివాళ్ళ కర్ర మీంచి నేరుగా వలలోకి పోయింది.

మొదటి విరామంలో లైల్ ఫోన్ చేశాడు.

"వెరా, ఏమనుకోకు. ఎంగ్‌ని ఇవ్వడం కుదిరేట్టు లేదు. మా కోచ్ ససేమిరా అంటున్నాడు. రిక్టర్‌ని తీసుకో."

రిక్టర్ ముప్పై నాలుగేళ్ళవాడు. మంచు మీద అతను తిరగబోయే లోపల ఆట తిరిగిపోయేది.

"నిన్న ఎంగ్ అన్నావు."

"నిన్న నీ సరుకు ముందు వరుసలో ఉంది. ఇవాళ వెనక షెడ్డులో పెట్టావుగా. రేడియోలో విన్నాన్లే. నీలం కోటట. రంగు కూడా చెప్పారు."

"దానికీ దీనికీ ఏం సంబంధం?"

"నన్నడుగుతావేంటి? నీ దగ్గర కోతయంత్రం కొన్నప్పుడు నువ్వే నేర్పావు. షెడ్డులో పెట్టిన యంత్రాన్ని మళ్ళీ ముందుకి తెస్తే, ఎవరో వద్దన్నారని లోకమంతా అనుకుంటుందని." లైల్ హాయిగా నవ్వాడు. "రిక్టర్ మంచివాడు. మీ పిల్లలకి స్కేటింగు కూడా నేర్పుతాడు."

వెరా ఒక్క పరుగున మెర్విన్ దగ్గరికెళ్ళింది. "డార్సీని దింపు."

"ఎలా దింపను? జాబితా రిఫరీ జేబులో ఉంది. ఆట మొదలయ్యాక పేరు చేర్చడానికి లేదు. నీకు తెలీదా?"

తెలుసు. తెలిసే అడిగింది. కూర్చోలేక, నిలబడలేక, గాజు అద్దం వెనక అటూ ఇటూ తిరిగింది. పక్ కింద పడ్డ ప్రతిసారీ అవతలివాళ్ళే లాక్కున్నారు. ప్రతిసారీ జనం మంచు వైపు కాక పైన నీలం కోటు వైపు చూశారు, ఆ తరవాత ఆమె వైపు. జట్టు చిత్తుగా ఓడింది. బయటికొస్తుంటే ఎవరో గట్టిగానే అన్నారు, "ట్రాక్టర్లు అమ్ముకునేదానికి హాకీ ఎందుకట!"

రాత్రంతా లెక్కేసుకుంది. రిక్టర్‌ని తీసుకోవడమంటే పరువు తక్కువ. ఏమీ తీసుకోకపోతే వసంతంలో చేతులు ఖాళీ. ఇక మిగిలింది డార్సీతో ఒప్పందం. దానికి ఇప్పుడు తాను వెళ్ళి అతని గుమ్మంలో నిలబడాలి. నిలబడినవాడికి బేరంలో ఎప్పుడూ తక్కువే.

ఆదివారం పొద్దున డార్సీ భార్య జానెల్ తలుపు తీసింది. చేతిలో గుడ్డతోనే పక్కకి జరిగింది. వంటింట్లో కాలు పెట్టడానికి చోటుంది కానీ గిన్నె పెట్టడానికి లేదు. పొయ్యి మీద, బల్ల మీద, కిటికీ గట్టు మీద, అంతటా మూతలు పెట్టిన పళ్ళేలూ గిన్నెలూ. మాంసం కూరలు, బీన్సు, ఊరేసిన దుంపలు. ఊరొదిలి పోయేవాళ్ళు వంట చేసుకోకూడదని ఊరంతా తెచ్చి పెట్టింది. వాటిలో ఒక నీలం అంచు పళ్ళేన్ని వెరా ఎక్కడో చూసినట్టనిపించింది. ఎత్తి చూస్తే, అడుగున అతికించిన కాగితం పట్టీ మీద తన ఇంటిపేరే ఉంది.

"మీ ఆయన తెచ్చారు" అంది జానెల్. "క్యాబేజీ చుట్టలు. ఏడ్చారు కూడా."

డార్సీ బల్ల దగ్గర కూర్చుని ఉన్నాడు. వెరా కోటు విప్పకుండానే విషయంలోకొచ్చింది.

"రెండేళ్ళు. ఇప్పుడే సంతకం చేద్దాం."

"నిన్న పొద్దున అనుంటే ఎగిరి గంతేసేవాణ్ణి."

"సరే, మూడు." ఆ మాట ఆమె పళ్ళ సందుల్లోంచి వచ్చింది. "నువ్వడిగిందే."

"ఏళ్ళు కాదు మేడమ్ ఇప్పుడు కావలసింది. ఒక్క వాక్యం రాయండి. నన్నడక్కుండా, నేను సరేననకుండా, నన్నెవరికీ ఇవ్వకూడదని."

వెరాకి నిజంగానే ఒళ్ళు మండింది. "డార్సీ, అమ్ముకునే వీల్లేని సరుకు కొనే వర్తకులు ఉంటారా? రేపు నీ మోకాలు పోయినా, నాకు మంచి ఆటగాడు దొరికినా, నీ మొహం చూస్తూ కూర్చోవాలా?"

"చూస్తూ కూర్చోవడం కష్టమే మేడమ్. నిన్న మధ్యాహ్నమంతా నేనదే చేశాను."

జానెల్ చేతిలో గుడ్డ బల్ల మీద పడేసింది. "సరుకుల సంగతి మాకు తెలీదండీ. వీటిని చూడండి. ప్రతిదాని అడుగునా ఒక పేరుంది. కడిగి, ఇంటింటికీ తిరిగి నేనే ఇచ్చి రావాలి. ఇచ్చేటప్పుడు ప్రతి గుమ్మంలో అడుగుతారు, ఎప్పుడు పోతున్నారని. ఉంటున్నామని చెప్పి, వచ్చే చలికాలం మీరు మళ్ళీ కోటు తొడిగిస్తే, నేను ఏ మొహం పెట్టుకుని ఇంకోసారి ఈ గిన్నెలు తీసుకోను?"

వెరా గిన్నెల వరుస వైపు చూసింది. ఊళ్ళో ఇలా రెండుసార్లు వీడ్కోలు తీసుకున్నవాళ్ళెవరూ లేరు. తీసుకుంటే జనం క్షమించరు కూడా. తన తొందరకి ధర పడింది, ఆ ధర డబ్బులో లేదు, అంతే. అయినా ప్రాణం ఊరుకోలేదు.

"వాక్యం రాస్తాను. కానీ మూడేళ్ళు కాదు, రెండే."

డార్సీ జానెల్ వైపు చూశాడు. జానెల్ మూతలు సర్దుతూ తల ఊపింది. "రెండే" అన్నాడు.

వెరా ఆ వాక్యాన్ని తన చేత్తోనే రాసింది. సొంత చేతికి సంకెళ్ళు బిగించుకుంటున్నట్టు ఒక్కో అక్షరం ఒత్తి ఒత్తి రాసింది. ఇద్దరూ సంతకాలు పెట్టారు. ఒక ఏడాది తగ్గించానన్న తృప్తి గొంతులోకి వచ్చేలోపే ఆమె ఫోను మోగింది.

"వెరా!" అన్నాడు లైల్. "నువ్వు గట్టిదానివే. రాత్రంతా చూశాను, దిగొస్తావేమోనని. రాలేదు. సరే, నీదే గెలుపు. ఎంగ్‌ని తీసుకో. గడువింకా ఉంది."

వెరా కళ్ళు మూసుకుంది. వెనక గోడలా నిలబడే కుర్రాడు. అడిగింది అడిగినట్టుగా. ఫోను గుండెకి అదుముకుని డార్సీ వైపు తిరిగింది. గొంతు తనది కాదనిపించేంత మర్యాదగా అడిగింది.

"లైల్ ఎంగ్‌నే ఇస్తానంటున్నాడు. వెళ్తావా?"

డార్సీ మాంసం కూర మీద మూత తీసి వాసన చూశాడు. "వద్దు మేడమ్."

"ఇంకోసారి ఆలోచించు. అక్కడ మొదటి వరుసలో..."

"వద్దు."

ఆమె ఫోను చెవికి పెట్టుకుంది. "వద్దంటున్నాడు."

"ఎవరు? మీ వాటాదారుల సంఘం అధ్యక్షుడా?"

"కాదు. డార్సీ."

 లైల్ నెమ్మదిగా, నిజంగానే అర్థం కాక అడిగాడు.

"వాణ్ణి అడిగావా?"

"అడిగాను. అడగాలి. ఇక మీదట అడుగుతూనే ఉండాలి" అని విసురుగా ఫోను పెట్టేసి, తాళంచెవుల కోసం జేబులు వెతుక్కోసాగింది. జానెల్ ఆమెకి అడ్డంగా ఒక కుర్చీ లాగి, ముందు ఒక ప్లేటు పెట్టింది.

"తినిపోండి. ఇన్నీ మేమిద్దరమే తినలేం."