క్రేన్ మీది మనిషికొచ్చిన మంట

ముప్పై అంతస్తుల ఎత్తున, ఇరుకు గాజు గదిలో కూర్చుని క్రేన్ నడిపే మనిషికి నీళ్ళు తాగడం పెద్ద తలనొప్పి. తాగితే దిగాలి. దిగితే వందల మెట్ల నిచ్చెన, మళ్ళీ ఎక్కాలంటే అదే నిచ్చెన. ఈలోగా కింద పనంతా ఆగిపోతుంది, మేస్త్రీ నోరు మొదలవుతుంది. అందుకని మనవాడు పొద్దున్న ఒక గ్లాసు, సాయంత్రం దిగాక ఒక సీసా, అంతే. పదకొండేళ్ళుగా ఇదే వరస. పని దగ్గర అందరూ అతన్ని ‘ఒంటె’ అనేవారు. అదేదో బిరుదైనట్టు అతను మీసం కూడా దువ్వుకునేవాడు. ఏం చెప్తాం!

అలాంటి ఒంటెకి ఒకరోజు మూత్రం పోస్తుంటే భగ్గుమని మండింది. మర్నాడూ అంతే. నాలుగో రోజుకి బాత్రూంకి వెళ్ళడమే వాయిదా వేయసాగాడు. ఇలాంటిది ఇంట్లో భార్యకో డాక్టరుకో చెప్పుకోవాలి. పోయి పోయి సైట్లో వెల్డరుకి చెప్పాడు.

“ఎక్కడైనా తిరిగొచ్చావా ఏంటి?” అన్నాడు వెల్డరు గొంతు తగ్గించి.

“ఛ ఛ! ఒట్టు, నా పెళ్ళాం తప్ప నాకింకో మనిషి తెలీదు.”

“మరి ఆ మంట ఊరికే రాదు కదరా. నువ్వు తేకపోతే ఇంట్లోంచే వచ్చుండాలి.”

అనేసి వెల్డరు ముఖానికి అద్దం దించుకుని పనిలో పడ్డాడు. ఎంత తేలిగ్గా అనేశాడో చూడండి!

ఒంటెకి ఆ మాట గుండెల్లో దిగబడిపోయింది. పైన ఒంటరిగా కూర్చునే మనిషికి ఆలోచించుకోడానికి కావలసినంత తీరిక. భార్య బట్టల ఫ్యాక్టరీలో పన్నెండేళ్ళు మిషను తొక్కి తొక్కి, ఈమధ్యే సూపర్‌వైజర్ అయింది. కొత్త చెప్పులు కొనుక్కుంది. ఫోన్లో నవ్వుతూ మాట్లాడుతోంది. నెల కింద ఇవన్నీ చూసి మురిసిపోయినవాడే, ఇప్పుడు ఒక్కోదాన్నీ తలుచుకుని అనుమానపడడం మొదలుపెట్టాడు. నడుం నొప్పని చెప్పి పడక హాల్లోకి మార్చుకున్నాడు. పుళ్ళు కడిగే మందు నీళ్ళలో కూడా కలపకుండా రోజుకి మూడుసార్లు అక్కడ పోసుకున్నాడు. చీము వస్తోందేమోనని గంటగంటకీ నొక్కి నొక్కి చూసుకున్నాడు. మంట రెట్టింపయింది. పాపం, ఎవరైనా జాలిపడాల్సిందే.

పన్నెండో రోజు బాత్రూంలోంచి పళ్ళు బిగించుకుని బయటికొచ్చేసరికి భార్య ఎదురుగా నిలబడి ఉంది.

“నడుం నొప్పికి అలా నడవరండీ ఎవరూ. నేను సెలవు పెట్టేశాను, పదండి,” అంది.

క్లినిక్‌లో పరీక్ష చేసే బల్లకీ కుర్చీలకీ మధ్య ఒక్క బట్ట తెర. తెరకి అవతల ఆవిడ, ఇవతల అతనూ డాక్టరూ. డాక్టరు ఎందరినో అడిగిన మనిషి, మామూలుగానే అడిగాడు.

“వేరే ఎవరితోనైనా సంబంధం ఉందా?”

“లేదండీ.”

“మీ ఆవిడకి?”

లేదండీ అనడానికి ఎంతసేపు పడుతుంది?

“తెలీదండీ,” అన్నాడు.

తెరకి అవతల కుర్చీ ఒకసారి కిర్రుమంది. అంతే.

రిపోర్టులు రావడానికి మూడు రోజులు పట్టింది. ఆ మూడు రోజులూ ఆవిడ వండింది, వడ్డించింది, పనికి వెళ్ళొచ్చింది. ఒక్క మాట అడగలేదు. తిట్టినా బాగుండును అనుకున్నాడతను.

“అంటురోగాల పరీక్షలన్నీ చేయించాను, ఏమీ లేదు,” అన్నాడు డాక్టరు కాగితాలు తిరగేస్తూ. “నీళ్ళు తాగక మూత్రం చిక్కబడి, ఇసుకలాంటి రాళ్ళు పడుతున్నాయి. అవి గీసుకుంటూ దిగుతున్నాయి. దానిమీద నువ్వు ఘాటు మందు పోసి, నొక్కి నొక్కి లోపలంతా పుండు చేసుకున్నావు. ఘాటు సబ్బుకీ మండుతుంది, ప్రోస్టేట్ గ్రంథి వాచినా మండుతుంది, గంటలకొద్దీ సైకిల్ తొక్కినా మండొచ్చు. మంట అనగానే తప్పు తిరుగుడేనని ఎవరు చెప్పారయ్యా నీకు?”

వెల్డరని చెప్పడానికి సిగ్గేసి తలొంచుకున్నాడు.

బయట బస్టాపులో ఇద్దరూ నిలబడ్డారు. అతను నవ్వబోయాడు.

“అంటురోగం కాదట,” అన్నాడు.

“విన్నాను. ఆరోజు కూడా విన్నాను.”

అతని ముఖంలో నెత్తురు చుక్క లేదు.

“ఆరోజు డాక్టరుగారు మీ గురించి నన్నడిగుంటే ఏం చెప్పేదాన్నో తెలుసా?” అంది ఆవిడ రోడ్డు వైపే చూస్తూ. “మా ఆయన అలాంటివాడు కాదు, ఇంకేదో అయ్యుంటుంది, సరిగ్గా చూడండి అనేదాన్ని. మీ అవస్థ చూసి వారం నుంచీ అదే అనుకున్నాను. నా బుర్రలోకి ఇంకో ఆలోచనే రాలేదండీ.”

“తప్పయిపోయింది,” అన్నాడు. నలుగురూ చూస్తున్నారన్న సిగ్గు కూడా లేకుండా ఏడ్చేశాడు.

బస్సొచ్చింది. ఆవిడ ముందెక్కి కిటికీ పక్కన కూర్చుని, పక్క సీట్లో సంచి పెట్టుకుంది. కూర్చోమంటుందో లేదో తెలియక అతను కడ్డీ పట్టుకుని నిలబడ్డాడు. రెండు స్టాపులు గడిచాయి. ఆవిడ సంచి తీసి ఒళ్ళో పెట్టుకుంది.

“కూర్చోండి,” అంది. “నాతో మాత్రం మాట్లాడకండి ఇప్పుడు.”

అతను కూర్చున్నాడు.