మధ్యగది మంచం

శామ్యూల్ రాజ్ ఐస్ ఫ్యాక్టరీ నుంచి వచ్చేసరికి కరెంటు లేదు. గిలకలదిండి రేవు వైపు నుంచి వచ్చే ఉప్పుగాలి తలుపు రెక్కను కొట్టి, వెనక్కి లాగి, మళ్ళీ కొడుతోంది. చెప్పులు విప్పి మధ్యగది గుమ్మం దాకా వచ్చి ఆగిపోయాడు. నవారు మంచం మీద గోడవైపు తిరిగి, మోకాళ్ళు కడుపులోకి ముడుచుకుని ఒక ఆడమనిషి పడుకుని ఉంది.

"ఆనందమ్మా," అన్నాడు.

"ఆఁ," అంది మంచం మీది మనిషి.

ఆనందమ్మ చనిపోయి మూడేళ్ళు కావస్తోంది. మంచం మీద ఉన్నది కృపాకుమారి, శామ్యూల్ రాజ్ కిందటేడు చర్చిలో పెళ్ళాడిన రెండో భార్య.

"చీకట్లో ఏదో అలవాటు కొద్దీ, కుమారీ," అని గొణిగి అతను టార్చిలైటు వెతుక్కుంటూ వెళ్ళిపోయాడు.

భర్త నోటికి పాత భార్య పేరు రావడం వింతేమీ కాదు. అన్నేళ్ళు కాపురం చేసిన పేరు నోట్లోంచి అంత త్వరగా పోదు. కృపాకుమారిని వణికించింది అది కాదు. ఆ పేరుకు తాను పలికింది. ఆలోచించకుండా, తన పేరే అయినట్టు పలికింది.

లేచి నిలబడి మంచం వంక చూసింది. నవారు మధ్యలో గుంట. ఏళ్ళ తరబడి ఒకే మనిషి ఒకే పక్కకు ముడుచుకుని పడుకుంటే పడే గుంట అది. భుజం దగ్గర ఒక పల్లం, తుంటి దగ్గర ఒకటి, మోకాళ్ళ దగ్గర ఇంకోటి. ఈ మంచం మీద మొదటిసారి ఒరిగిన రోజే ఆ గుంట ఆమెకు సరిపోయింది. జాకెట్లు కుట్టి బతికిన మనిషి గనుక ఆమెకు కొలతలు తెలుసు. ఇంకొకరి కొలతకు కుట్టింది తన ఒంటికి ఇంతలా పట్టకూడదు.

కృపాకుమారిది దివిసీమ. మొదటి భర్త పోయాక అవనిగడ్డ బస్టాండు పక్క సందులో మిషను పెట్టుకుంది. ఎవరైనా గుమ్మం దాటి వెళ్తుంటే ఆమెకు గుండె దడ. చిన్నప్పుడు తల్లి నాగాయలంక రేవులో పడవెక్కి మళ్ళీ రాలేదు. భర్త పొద్దున "వస్తా" అని వెళ్ళి సాయంత్రానికి అంబులెన్సులో వచ్చాడు. యాభై దాటాక బందరు నుంచి శామ్యూల్ రాజ్ సంబంధం వచ్చినప్పుడు, సాయంత్రం ఇంటికొచ్చే మనిషి ఒకడుంటాడు కదా అనే ఒప్పుకుంది.

అతను మంచివాడు. కొత్తలో ఇద్దరూ బెరుగ్గా, నవ్వుకుంటూనే దగ్గరయ్యారు. కానీ దగ్గరైన ప్రతిసారీ ఆమెకు అక్కడ బ్లేడుతో గీసినట్టుండేది. తడి అనేదే లేదు. ఊరికే కూర్చున్నా నడిచినా ఒరుసుకుని దురద, మంట. ముట్లుడిగిన తరువాత ఇలా ఉంటుందని ఎవరూ చెప్పలేదు, అడగడానికి ఆమె దగ్గర మాటా లేదు. నడుంనొప్పి అని చెప్పి మధ్యగదిలోకి మారింది.

ఆ గది కిటికీలో ప్రార్థన నూనె సీసా ఉండేది. ఆనందమ్మ జబ్బుపడ్డప్పుడు పాస్టరుగారు ప్రార్థించి ఇచ్చిన నూనె. ఆ పేటలో ప్రతి ఇంట్లోనూ అలాంటి సీసా ఒకటి ఉంటుంది. తలనొప్పికీ అదే, పిల్లల జ్వరానికీ అదే. అడుగంటుతుంటే కొత్త నూనె కలుపుతారు తప్ప సీసా ఖాళీ కానివ్వరు. పాతదాని మహిమ కొత్తదానికి అంటుతుందని నమ్మకం. ఒక మధ్యాహ్నం కృపాకుమారి తలుపు గడియ వేసుకుని, కళ్ళు మూసుకుని ప్రార్థించి, ఆ నూనె అక్కడ రాసుకుంది.

నిప్పు పెట్టినట్టయింది. పైటచెంగు నోట్లో కుక్కుకుని, బాత్రూంలో నీళ్ళు పోసుకుంటూ కూర్చుండిపోయింది. ఆ మంటలో ఆమెకు ఒక్కటే తోచింది. ఈ ఇంటావిడ తనను ఒప్పుకోలేదు.

సీసాను అలమారలో దుప్పట్ల వెనక పెట్టి తాళం వేసింది. తెల్లారి చూస్తే అది మళ్ళీ కిటికీలో ఉంది.

"మీరు తీశారా?" అని అడిగింది భర్తను.

"నేనెందుకు తీస్తాను? తాళంచెవి నీ కొంగునే ఉందిగా."

వచ్చే శనివారం ఆనందమ్మ జ్ఞాపకార్థ కూటం. ఏటా చర్చివాళ్ళు వచ్చి పాటలు పాడి, పోయినావిడను తలుచుకుని, భోంచేసి వెళ్తారు. ఈసారి వండి వడ్డించవలసింది కృపాకుమారి. అది కాగానే వెళ్ళిపోవాలని నిశ్చయించుకుంది. "అక్కను చూసొస్తా" అని చెప్పి అవనిగడ్డ వెళ్ళి, ఇక రాకూడదు. ఇంతవరకూ అందరూ తనను వదిలి వెళ్ళినవాళ్ళే. తనే ముందు వెళ్తే అంత బాధ ఉండదేమో. సంచీ సర్ది మంచం కింద పెట్టుకుంది.

కూటం వంటకు సాయమని అక్క కూతురు దీవెన నాలుగు రోజుల ముందే వచ్చింది. దానికి నోరూ ఎక్కువే, కళ్ళూ ఎక్కువే.

"ఏంటి పిన్నీ, బాతులా నడుస్తున్నావ్?"

"నడుం పట్టేసిందే."

"నడుం పడితే చెయ్యి నడుం మీదుంటుంది. నువ్వు కాళ్ళు ఎడంగా వేస్తున్నావు. ఇద్దర్ని కన్నాను, నాకు తెలీదా?"

"నోర్ముయ్. మీ బాబాయి వింటాడు."

"విననీ. అందులో సగం ఆయన జబ్బేనేమో!"

కృపాకుమారికి నవ్వొచ్చింది, దాని వెంటే ఏడుపూ వచ్చింది. బట్టలుతికే బండ దగ్గర కుళాయి విప్పి, ఆ చప్పుడు చాటున అంతా చెప్పింది. సీసా సంగతి దగ్గరికి వచ్చేసరికి దీవెన నవ్వు ఆగిపోయింది. కిటికీ వంక ఒకసారి చూసి, చెంగు భుజం నిండా కప్పుకుంది.

"రేపే డాక్టరమ్మ దగ్గరికి పోదాం పద."

"బందర్లో వద్దే. ఆసుపత్రి వరండా నిండా మన చర్చివాళ్ళే. ఎందుకొచ్చావమ్మా అని చేతులు పట్టుకుని అక్కడే ప్రార్థన మొదలెడతారు."

"అయితే గుడివాడ."

మర్నాడు బస్సెక్కారు. పెడన దాటాక రెండు పక్కలా కాలవలూ మడులూ నీళ్ళతో నిండి ఉన్నాయి. ఇంత నీటి దేశంలో పుట్టిన ఒళ్ళు ఇలా ఎండిపోవడమేమిటని కృపాకుమారి కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. ఏం రాశావని డాక్టరమ్మ అడుగుతుందని, సీసాను తువ్వాల్లో చుట్టి తెచ్చుకుంది. దారి పొడుగునా ఒళ్ళో అది వెచ్చగా, మనిషి చెయ్యిలా తగులుతూనే ఉంది.

మేధ అనే ఆ డాక్టరమ్మ దీవెన కంటే చిన్నదిలా ఉంది. పరీక్ష మాత్రం పెద్దదానిలా, నెమ్మదిగా చేసింది. చేతులు కడుక్కుని వచ్చి సీసా మూత తీసి వాసన చూసింది.

"ఇందులో కర్పూరం ఉందమ్మా. నీలగిరి తైలం కూడా ఉన్నట్టుంది. ఇది మోకాళ్ళకు రాసుకునేది కదూ?"

కృపాకుమారికి అప్పుడు గుర్తొచ్చింది. ఆనందమ్మకు చివర్లో మోకాళ్ళనొప్పులట. నూనె కలిపినప్పుడల్లా కర్పూరమూ తైలమూ కూడా కలుపుకుని ఉంటుంది.

"ప్రార్థన చేసిన నూనెండీ," అంది నెమ్మదిగా.

"ప్రార్థనను నేనేమీ అనను. కర్పూరం మాత్రం అక్కడికి పనికిరాదు."

"అయితే ఇది... ఎవరి ఉసురూ కాదంటారా?"

డాక్టరమ్మ ఆమె ముఖంలోకి చూసింది. "ఉసురుకు నేను మందు రాయలేనండీ. దీనికి రాయగలను. ముట్లుడిగాక ఒంట్లో ఈస్ట్రోజెన్ అనే హార్మోను తగ్గుతుంది. యోని లోపలి పొర పల్చబడి పొడిబారుతుంది. మీ వయసువాళ్ళలో సగం మందికి ఉండేదే. చెప్పేవాళ్ళే తక్కువ."

తరువాత అరటిపండు ఒలిచి పెట్టినట్టు చెప్పింది. ముందు ఆ నూనెకు పడిన పుండు మానాలి. అందాకా సబ్బు వద్దు, ఉత్త నీళ్ళే. మానాక మాయిశ్చరైజరు. ముఖానికి రాసే క్రీము కాదు, యోనికి వాడేదని పెట్టె మీద ఉండాలి. నీళ్ళతో చేసినది కావాలి. వాసనా రంగూ ఉండకూడదు, చల్లగానో వేడిగానో తగిలే సరుకేదీ కలవకూడదు. పీహెచ్ నాలుగు, నాలుగున్నర దగ్గర ఉంటే ఆ చోటుకు సరిపడుతుంది. తడిని పట్టి ఉంచే హైలురోనిక్ యాసిడ్ ఉన్నది దొరికితే మంచిదే. రెండు మూడు రోజులకోసారి, భర్తతో కలిసినా కలవకపోయినా, వాడుతూనే ఉండాలి.

"కలిసేప్పుడు జారడానికని అమ్మే లూబ్రికెంటు వేరు. అది ఆ కాసేపటికే. కావాలంటే రెండూ వాడుకోవచ్చు. రెండు నెలలు చూడండి, తగ్గకపోతే హార్మోను క్రీము సంగతి ఆలోచిద్దాం. ఎప్పుడైనా రక్తం కనిపిస్తే మాత్రం వెంటనే రండి. ఈ సీసా ఇక్కడే వదిలెయ్యండి."

కృపాకుమారి దాన్ని చెత్తబుట్టలో వేసింది. గాజు సీసా, పైనుంచి పడింది. అయినా చప్పుడు కాలేదు.

మందుల షాపులో కుర్రాడు గట్టిగా అడిగాడు. "మాయిశ్చరైజరా అండీ? ముఖానికా, కాళ్ళకా?"

"మధ్యలో," అంది దీవెన.

అతను ఎర్రబడి, మూడు పెట్టెలు తెచ్చి కౌంటరు మీద పెట్టాడు. దీవెన మొదటిది తిప్పి చూసింది. "స్ట్రాబెరీ వాసనట పిన్నీ. రొట్టె కూడా కొనమంటావా?" రెండోది లూబ్రికెంటు. మూడోదాన్ని కృపాకుమారి తనే అందుకుంది. కళ్ళజోడు పెట్టుకుని, దారం నెంబరు చూసినట్టు, సన్న అక్షరాలన్నీ కూడబలుక్కుని చదివింది. యోనికి వాడేదే. నీళ్ళతో చేసిందే. పీహెచ్ నాలుగున్నర లోపే. వాసన లేదు, రంగు లేదు. ఆ ఇంట్లోకి ఎవరి వాసనా లేని వస్తువు ఒకటి వెళ్తోంది అనుకుంది.

"ఇదివ్వు బాబూ," అంది.

ఇల్లు చేరేసరికి సందెవేళ అయింది. కిటికీలో సీసా లేదు. సీసా ఉండిన చోట అడుగు గుర్తు మాత్రం గుండ్రంగా, నూనె తడితో మెరుస్తోంది. గుడ్డతో తుడిచింది. చేతులు కడుక్కుని వచ్చేసరికి మళ్ళీ మెరుస్తోంది.

శనివారం ఇల్లు నిండింది. ఆనందమ్మ ఫొటోకు మల్లెదండ వేశారు. పాటలయ్యాక, పోయినావిడ గురించి సాక్ష్యం చెప్పమంటే పెద్దావిడ రాజారత్నమ్మ లేచింది.

"మా ఆనందమ్మది ఎంత భక్తండీ! భర్తకు కూడా ఎడంగా మధ్యగదిలో ఒంటరిగా పడుకుని ప్రార్థన చేసుకునేది. ఏళ్ళూ పూళ్ళూ. ఏమ్మా అలా నడుస్తున్నావని అడిగితే, మోకాళ్ళ మీద ఉండి ఉండి అని నవ్వేది. ఈ కాలంలో ఎవరున్నారు అలాగ?"

"ఆమెన్," అన్నారు అందరూ.

వంటింటి గుమ్మంలో నిలబడిన కృపాకుమారి చేతిలోని గరిటె పక్కన పెట్టింది. ఫొటో వంక చూసింది. రోజూ దుమ్ము తుడిచే ఫొటోనే. ఆనందమ్మ కుర్చీలో నిండుగా కూర్చోలేదు. అంచున, ఒక పక్కకు ఒరిగి, బరువు ఒక తుంటి మీదే ఆనించి కూర్చుంది. తాను ఇప్పుడు కూర్చుంటున్నట్టే.

అందరూ వెళ్ళాక, పెరట్లో గిన్నెలు తోముతూ అడిగింది. "ఏమండీ, ఆనందమ్మగారు మధ్యగదిలోకి ఎప్పుడు మారారు?"

"చాలా ఏళ్ళయింది. తనకు యాభై నిండాయనుకుంటా అప్పటికి. ప్రార్థన చేసుకోవాలంది."

"మీరేమీ అడగలేదా?"

"భక్తికి అడ్డం పడకూడదని ఊరుకున్నాను."

కృపాకుమారి చేతులు కడుక్కుని వచ్చి ఎదురుగా కూర్చుంది. నొప్పి సంగతి, నూనె సంగతి, గుడివాడ సంగతి, ట్యూబు సంగతి చెప్పింది. డాక్టరమ్మ అన్న యోని అనే మాటను, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, తన నోటితో పైకి అంది. శామ్యూల్ రాజ్ బకెట్టు బోర్లించి దాని మీద కూర్చున్నాడు.

"నేనంటే రోత పుట్టిందనుకున్నాను," అన్నాడు. "అప్పుడూ అదే అనుకున్నాను, ఇప్పుడూ అదే. మంచం కింద నీ సంచీ చూశాను కుమారీ. ఉందో లేదోనని రోజూ వచ్చి వంగి చూస్తున్నాను."

"వెళ్దామనే సర్దాను."

"మరి?"

"రెండు నెలలు చూడమంది డాక్టరమ్మ," అంది ఆమె. అతను నవ్వబోయి, కండువాతో ముఖం తుడుచుకున్నాడు.

మర్నాడు ఆరాధన నుంచి వచ్చాక అతను మధ్యగది మంచం నవారు మొత్తం విప్పి, కాలు తన్నిపెట్టి లాగి బిగించాడు. గుంట పోయింది. చేత్తో కొడితే డప్పులా మోగింది. సంచీలోని చీరలు ముందుగది అలమారలోకి వెళ్ళాయి.

పుండు మానింది. మాయిశ్చరైజరు మొదలుపెట్టాక ముందు దురద తగ్గింది, ఆ తరువాత ఒరుపు. ఎవరూ తొందరపడలేదు. ఒక వాన మధ్యాహ్నం ఆమె "కాస్త మెల్లగా" అంటే అతను మెల్లగా ఉన్నాడు. "ఆగండి" అంటే ఆగాడు. ఆగి, ఎలా ఉందని అడిగాడు. ఓర్చుకోవలసిన పని ఆమెకు రాలేదు.

ఆ వారంలోనే ఒక సందెవేళ కరెంటు పోయింది. ఉతికిన దుప్పటి చేత పట్టుకుని కృపాకుమారి మధ్యగదిలోంచి వెళ్తూ ఆగింది. బిగించిన మంచం మీద ఎవరూ పడుకోలేదు. నవారు మధ్యలో మళ్ళీ గుంట పడి ఉంది. భుజానికి, తుంటికి, ముడుచుకున్న మోకాళ్ళకు.

పరుగెత్తాలనిపించింది. కానీ కాళ్ళు ముందుకే పడ్డాయి. వంగి, ఆ పల్లం మీద చెయ్యి పెట్టింది. వెచ్చగా ఉంది. అయినా అది ఆమె కొలత కాదు. ఇప్పుడు చూస్తే భుజం దగ్గర కాస్త ఇరుకు, కాళ్ళ దగ్గర కాస్త పొట్టి. ఎవరికీ చెప్పుకోలేక ముడుచుకున్న ఇంకో మనిషిది.

"నీకెవరూ చెప్పలేదు కదమ్మా," అంది.

దుప్పటి విప్పి, నిద్రపోతున్నవాళ్ళకు కప్పినట్టు, మెడ దాకా కప్పింది. అంచులు సర్దింది.

"కుమారీ!" ముందుగదిలోంచి శామ్యూల్ రాజ్ పిలిచాడు.

ఆమె వెంటనే పలకలేదు. వెనక ఇంకెవరైనా పలుకుతారేమోనని ఒక క్షణం విన్నది. గాలి తలుపును కొట్టి, వెనక్కి లాగింది. ఎవరూ పలకలేదు.

"ఆఁ, వస్తున్నా," అంది.