గడియారాల పళ్ళెంలో మాత్ర

“మాత్ర వేసుకున్నావా?”

“వేసుకున్నానక్కా. ఎన్నిసార్లు ప్రాణం తీస్తావు?” అన్నాడు గడియారాలు బాగుచేసే తమ్ముడు. హెచ్‌ఐవీ మాత్ర మాత్రం డబ్బీలోనే ఉంది.

మత్తు సూదులు మరిగి, వాటితోనే ఆ వైరస్‌నూ ఎక్కించుకున్న నాటి నుంచీ అతడి ప్రతి మాటా అక్కకు అబద్ధంగానే తోచేది. ‘అన్నీ అబద్ధాలే’ అని ఆమె వాపోతే, నిన్న డాక్టరే విసుక్కున్నాడు.

“అబద్ధం కాదమ్మా. వైరస్ మెదడులో వాపు రేపుతుంది, మత్తుమందు దాన్ని ఇంకా ఎగదోస్తుంది. వేసుకోవాలనుకుంటే వేసేసుకున్నట్టే అనిపిస్తోంది అతనికి.”

“అయితే నేనెవర్ని తిట్టాలండీ?” అందామె.

కానీ తమ్ముడు పనిలో ఇంతవరకూ ఒక్క మరమేకునూ పోగొట్టలేదు. విప్పిన భాగాలను పళ్ళెం గళ్ళలో వరుసగా పేర్చి, అదే వరుసలో తిరిగి బిగించడం అతడి వేళ్ళకు అలవాటు. అందుకే ఈ ఉదయం అక్క ఆ డబ్బీలోని మాత్రను పళ్ళెం మొదటి గడిలో ఉంచింది. అతడి వేళ్ళు నేరుగా దాని మీదికే వెళ్ళి ఆగాయి.

“ఇది గడియారంలోది కాదే.”

“నీది. మింగు.”

మింగాడు. కాసేపటికి తలెత్తి, “మాత్ర ఇవ్వలేదేంటక్కా?” అన్నాడు.

నోటిదాకా వచ్చిన తిట్టును ఆమె మింగేసింది.

“నన్నడక్కు. పళ్ళెం చూసుకో,” అంది.

ఖాళీ అయిన మొదటి గడిని చూసి, అతడు తరువాతి గడిలోని మరమేకు అందుకున్నాడు.